గురువారం సారు

మగవాళ్ల కోసం పెట్టిన ఒకే ఒక్క గదికి తాళం వేసి, మగవాళ్లు రాలేదన్న నేరాన్ని ఆ గదిలో కూర్చున్న మనిషి నెత్తిన రుద్దారు. అది అబద్ధం. మగవాళ్లు వచ్చారు. ఏడేళ్లు వచ్చారు. వచ్చినవాళ్లు నోరు విప్పలేదు, కాగితం రాసినవాళ్లు కళ్లు తెరవలేదు. ఆ మనిషి పోయిన ఎండాకాలంలో చనిపోయాడు. అబద్ధం మాత్రం ఆఫీసు బీరువాలో భద్రంగా ఉంది.

ఆయన పేరు నేనిక్కడ రాయను. అంతమంది పేర్లు కడుపులో పెట్టుకొని, ఒక్కటీ బయటపెట్టకుండా పోయిన మనిషి పేరును అచ్చుకెక్కించడానికి నాకు చేతులు రావడం లేదు. అమీర్‌పేట ఆటోవాళ్లలో గురువారం సారు అంటే చాలు, పాతవాళ్లకు తెలుస్తుంది. తెలుస్తుంది గానీ తెలియదనే అంటారు.

నేను బోర్డులు రాసి బతికినవాణ్ణి. నాలుగో తరగతి నడుమ బడి మానేశాను. అక్షరం నాకు రేకు మీద, ఎనామిల్ రంగుతో వచ్చింది. అమీర్‌పేటలో కంప్యూటర్ కోచింగులు మేడ మీద మేడగా లేచిన రోజుల్లో సగం బోర్డులు నా చేతివే. లోపల ఏం నేర్పేవారో నాకు తెలియదు, పేర్లు మాత్రం ఒక్క ఒత్తు పోకుండా రాశాను. తర్వాత ఫ్లెక్సీలొచ్చి మా అందరినీ ఇంట్లో కూర్చోబెట్టాయి. అది వేరే కోపం, ఇప్పుడు వద్దు.

ఆయన మొదటిసారి నా దగ్గరికి వచ్చింది బోర్డు కోసమే. సన్నటి మనిషి, తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు. ఆదివారం చర్చికి వెళ్లినట్టే అన్ని రోజులూ తయారయ్యేవాడు.

"వందనాలు అన్నా. చిన్న బోర్డు కావాలె. అక్షరాలు దూరంకెళ్లి కనబడాలె."

"ఏం రాయాలె?"

"మగవాళ్లకు మాత్రమే. గురువారం, సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాక."

"ఏందది, కల్లు కంపౌండా?"

ఆయన నవ్వలేదు. ఆలోచించాడు. "గట్ల అనుకొని వచ్చినా మంచిదేనన్నా. లోపలికి వస్తె చాలు," అన్నాడు.

అమీర్‌పేటకూ పంజాగుట్టకూ నడుమ ఒక సందులో రెండు గదుల ఆరోగ్య కేంద్రం ఉండేది. ఆయన అక్కడ కాంట్రాక్టు మీద పనిచేసే ఆరోగ్య కార్యకర్త. గర్భిణులు, టీకాల పిల్లలు, మాత్రల కోసం వచ్చే ముసలమ్మలు, అంతా ఆడవాళ్లే. మగవాడు వస్తే గడప బయట స్కూటర్ మీద కూర్చొని ఫోన్ చూసుకునేవాడు. గురువారం డాక్టరమ్మ మీటింగుకు పోతుంది కాబట్టి ఒక గది ఖాళీ. ఆ ఖాళీని ఈయన అడిగి తీసుకున్నాడు. పిల్లలు చాలనుకున్న ఇంట్లో ఆపరేషన్ ఆడదానికే ఎందుకు కావాలి, మగవాడు ఎందుకు చేయించుకోడు? ఇదీ ఆయన పట్టుకున్న ప్రశ్న. దాన్ని ఆయన ఏడేళ్లు వదల్లేదు.

నాలుగు గురువారాలు గడిచాక ఆయన నా బోర్డును చంకలో పెట్టుకొని తిరిగొచ్చాడు.

"అన్నా, గిది మనుషులను ఎల్లగొడుతున్నది."

"నా అక్షరాలల్ల ఏం తప్పున్నది?"

"అక్షరాలు మంచిగనే ఉన్నయ్. చదివినోడు చదివినట్టే ఉరుకుతున్నడు. ఉచితంగ బి.పి. చూడబడును అని పెద్దగ రాయి. మగవాళ్లకు మాత్రమే అన్నది కింద, ఎంత చిన్నగ రాస్తవో నీ ఇష్టం."

అట్లాగే రాశాను. ఆ వారం నుంచి జనం వచ్చారు. మగవాడికి ఇంట్లో ఎవరి ఆరోగ్యం మీదా లేని శ్రద్ధ తన బి.పి. మీద ఉంటుందని ఆయన కనిపెట్టాడు.

నేను అప్పుడప్పుడు వెళ్లి మూలన స్టూలు మీద కూర్చునేవాణ్ణి. ఆయన పని చూడటం నాకు ఇష్టం. వచ్చినవాడి చేతికి పట్టీ చుట్టేవాడు. రబ్బరు బల్బు ఒత్తి గాలి నింపేవాడు. పట్టీ బిగుసుకునేది. అప్పుడు, సరిగ్గా అప్పుడు, గాలి వదలకుండా ఆపి, తల వంచుకొని మెల్లగా అడిగేవాడు.

"ఎంతమంది పిల్లలన్నా?"

"ఇద్దరు సార్."

"ఇగ చాలా?"

"చాలు సార్. సాదుడే కష్టమైతుంది."

"ఆపరేషన్ అయిందా?"

"అయింది సార్, మా ఆమెకు."

"కాన్పులెట్ల అయినయ్?"

"రెండూ పెద్దాపరేషనే."

అప్పటికి గాలి వదిలేవాడు. ముల్లు దిగుతూ ఉండగా, ఏ కోపమూ లేని గొంతుతో, "పిల్లలు పుట్టెటందుకు ఆమెను కోసిన్రు. పుట్టకుంట ఉండెటందుకు సుత ఆమెనే కోసిన్రు. నీకేం కోసిన్రు భాయ్?" అనేవాడు.

కొందరు లేచి వెళ్లిపోయేవారు. కొందరు నవ్వి, ఆ నవ్వు నడుమలో ఆపేసేవారు. ఒకతను, "సార్, నేను బి.పి. కోసం వచ్చిన, మీరే పెంచుతున్నరు," అన్నాడు. చేయి బిగుసుకున్నాకే ఎందుకు అడుగుతావని నేనొకసారి అడిగాను. "పట్టీ కట్టినంక మగోడు లేచి పోలేడన్నా. వానితోని మాట్లాడెటందుకు నాకు దొరికేది గా అర నిమిషమే," అన్నాడు.

ఇంకా పిల్లలు పుట్టబోయేవాళ్లను, ఆపరేషన్ కాని ఇళ్లవాళ్లను ఆయన వదిలేవాడు కాదు. స్టీలు టిఫిన్ డబ్బా తెరిచి చూపించేవాడు. అందులో అన్నం ఉండదు. మగవాడి శరీరం లోపలి భాగాలు చూపించే రబ్బరు బొమ్మ ఉండేది. ఎక్కడ చిన్న రంధ్రం చేస్తారో, ఏ గొట్టం కడతారో వేలితో చూపించేవాడు. కుట్టు లేదు, పావుగంట పని, సాయంత్రానికి ఇంటికి పోవచ్చు, మగతనానికి ఏమీ కాదు, మూడు నెలలు మాత్రం జాగ్రత్తగా ఉండి పరీక్ష చేయించుకున్నాకే నమ్మాలి. ఈ మాటలు ఆయన పాఠం అప్పజెప్పినట్టు చెప్పేవాడు కాదు. తాను చేయించుకున్నాడు కాబట్టి, మెట్రో ఎక్కి దిగిన సంగతి చెప్పినట్టు చెప్పేవాడు.

ఆ డబ్బాకు ఆయన భార్య పిడి దగ్గర ఎర్రదారం కట్టింది, అన్నం డబ్బాతో కలిసిపోకుండా. ఒకరోజు షేరింగ్ ఆటోలో పంజాగుట్టకు పోతున్నాం. ఆయన ఒళ్లో డబ్బా. పక్కనున్న లావుపాటి మనిషి, "ఏం తెచ్చిన్రు సార్, వాసన ఏం వస్తలేదు?" అని పలకరించాడు.

"చూస్తరా?" అన్నాడు ఈయన. నేను మోచేత్తో పొడిచాను. ఆగలేదు. మూత తీశాడు.

ఆ మనిషి చూసి, మళ్లీ రోడ్డు వైపు తిరిగి, కొంచెం సేపటికి, "మీరు డాక్టరా, పిచ్చోడా?" అన్నాడు.

"రెండూ కాదు భాయ్. బి.పి. చూస్త. గురువారం రాండ్రి."

డ్రైవర్ అద్దంలో అంతా చూస్తున్నాడు. మేం దిగుతుంటే, "సార్, గా సందు ఏడుంటది?" అని అడిగాడు. ఆ డ్రైవర్ గురించి మళ్లీ చెప్పాలి.

ఆదివారాలు ప్రార్థన అయ్యాక ఆయన ఎస్.ఆర్. నగర్ హాస్టళ్లకు వెళ్లేవాడు. కోర్సులు నేర్చుకుంటూ ఉద్యోగాలకు చూసే పిల్లలు, ఇరుకు గదికి నలుగురు. నేనూ రెండుసార్లు వెంట వెళ్లాను. పిల్లలు ఆయన్ని ఆటపట్టించేవారు.

"ఏంటి అంకుల్, మాకు పెళ్లే కాలేదు, ఆపరేషన్ ఏంటండి?" అన్నాడు భీమవరం వైపు నుంచి వచ్చిన కుర్రాడు.

"ఆపరేషన్ వద్దు బేటా. మెడికల్ షాపుకు పోయి ఒక ప్యాడ్ల పాకెట్ తెస్తవా?"

"ఎవరికండి?"

"ఎవరికైతేంది. నీకు అక్క లేదా, చెల్లె లేదా? షాపాయన పేపర్ల చుట్టి నల్ల కవర్ల ఏస్తడు. కవర్ వద్దని చెప్పి, చేతుల పట్టుకొని రోడ్డు మీదికెళ్లి నడిచి రావాలె. గంతే."

"ఇంత దానికేనా" అని ఆరుగురు బయలుదేరారు. చేత పట్టుకొని వచ్చింది ఒక్కడే. మిగతావాళ్లు చొక్కా కింద పెట్టుకొని వచ్చారు, ఒకడైతే అసలు హాస్టల్‌కే రాలేదు, సాయంత్రం దాకా ఎక్కడో తిరిగాడు. ఈయన మెట్లు దిగుతూ, "చదువుకున్న పోరగాళ్లన్నా," అన్నాడు. అంతే.

ఒక గురువారం జనం లేరు. నన్ను పిలిచి కూర్చోబెట్టి, చేతికి పట్టీ చుట్టాడు. నాకు తెలుసు ఏం జరగబోతోందో. తెలిసీ లేవలేదు.

"మీ ఇంట్ల ఎవరికైందన్నా?"

"మా ఆమెకు. చిన్నోడు పుట్టినంక. క్యాంపు పెట్టిన్రు."

"అప్పుడు మీరేడున్నరు?"

నేను ఎక్కడున్నానో నాకు బాగా గుర్తుంది. అమీర్‌పేటలో మూడో అంతస్తుకు వేలాడి ఒక కోచింగ్ బోర్డు రాస్తున్నాను. ఆమెను మా అమ్మ తీసుకుపోయి, మా అమ్మే తీసుకొచ్చింది. సాయంత్రం నేను ఇంటికి వచ్చేసరికి చాప మీద పడుకొని ఉంది. నేను అడిగింది ఒక్కటే, "అన్నం ఎవరు వండిన్రు?" అని. ఆ తర్వాత ఆమెకు నడుము నొప్పి పోలేదు. నీళ్ల బిందె దించుతూ ఒక చేత్తో పొట్ట పట్టుకునేది. పన్నెండేళ్ల తర్వాత వేరే జబ్బుతో పోయింది. కానీ ఆ పన్నెండేళ్లూ ఆ చేయి అక్కడే ఉంది.

ఇదంతా ఆయనకు చెప్పలేదు. "పని మీదున్న," అన్నాను.

ఆయన గాలి వదిలాడు. "అన్నా, బి.పి. జర ఎక్కువున్నది," అన్నాడు. నాకు మస్తు కోపం వచ్చింది. మూడు వారాలు అటువైపు పోలేదు. ఎవరి మీద కోపమో తెలిశాక పోయాను.

ఇప్పుడు తప్పు సంగతి. తప్పు ఆయనది కూడా. దాచను.

గదిలో ఒక రిజిస్టర్ ఉండేది. వచ్చినవాళ్ల పేరు, చిరునామా, మాట్లాడిన విషయం రాయాలి. బి.పి. చూపించుకొని పోయేవాళ్లకు పేరు అవసరం లేదు. ఆపరేషన్ గురించి వివరంగా అడిగి, ఒప్పుకొని, ఆయన వెంట పెద్దాసుపత్రికి పోయేవాళ్ల పేర్లు మాత్రం రాయాల్సిందే. మొదట ఒప్పుకున్నది ఆ ఆటో డ్రైవరే. అతని భార్యకు గుండెలో ఏదో ఉందట, ఇంకో కాన్పు వద్దన్నారు, మత్తు ఇచ్చి ఆపరేషనూ వద్దన్నారు. మనిషి ఒప్పుకున్నాడు. పెన్ను తీయగానే లేచి నిలబడ్డాడు.

"పేరు రాయొద్దు సార్. పేరు రాస్తె నేను రాను."

"రాయకుంటె ఎట్ల? గడి ఖాళీ ఉంచొద్దు."

డ్రైవర్ మళ్లీ కూర్చున్నాడు. "మా ఆమె పేరు రాయండ్రి. రేషన్ కార్డు ఆమె పేరు మీదనే ఉన్నది, గ్యాస్ ఆమె పేరు మీదనే ఉన్నది. గిది సుత ఆమె పేరు మీదనే ఉండనీ."

అందరం నవ్వాం. నేనూ నవ్వాను, మూలన కూర్చొని. ఈయన నవ్వుతూనే ఆమె పేరు రాశాడు. ఆ పేరుతో ఒక మనిషి భయం తీరింది, ఒక ఆడమనిషి ప్రాణం గట్టెక్కింది. అంతకంటే ఆయనకు ఏం కావాలి? తర్వాత వచ్చినవాడికి ఈ దారి ముందే తెలుసు. ఆ తర్వాతవాడికీ తెలుసు. ఏడేళ్లలో ఆ రిజిస్టర్ మూడు పుస్తకాలైంది. లక్ష్ములు, మేరీలు, యాదమ్మలు, సునీతలు. ఒక్క మగ పేరు లేదు.

ఇది పనికిరాని తెలివి అని ఆనాడు నాకు తట్టలేదు. కాగితం మీద లేనిది లేనట్టే లెక్క అని బోర్డులు రాసి బతికిన నాకైనా తెలిసి ఉండాలి.

కొత్తగా ఒక పెద్ద అధికారి తనిఖీకి వచ్చాడు. రిజిస్టర్ తిప్పాడు. మగవాళ్లకు మాత్రమే అని గోడ మీద ఉంది, పుస్తకంలో అందరూ ఆడవాళ్లే ఉన్నారు. ఆ రోజూ మూలన స్టూలు మీదే ఉన్నాను కాబట్టి, ఆ అధికారి నోటి నుంచి వచ్చిన మొదటి మాట నా చెవులతో విన్నాను.

"గురువారం గురువారం డాక్టర్ లేనప్పుడు ఇంతమంది ఆడవాళ్లతో నీకేం పనయ్యా?"

ఈయన మొహం తెల్లబడింది. ముగ్గురు పిల్లల తండ్రి, చర్చిలో కానుకల సంచి తిప్పే మనిషి. ఆ మాటకు జవాబు చెప్పాలంటే నిజం చెప్పాలి. చెప్పాడు. మగవాళ్లే వచ్చిన్రు సార్, భార్యల పేర్లు రాయించుకున్నరు.

"అంటే రిజిస్టర్ దొంగ రిజిస్టరా?"

చూడండి, ఎటు కదిలినా గోడే. మగవాళ్లు రాలేదంటే పని చేయలేదు. వచ్చారంటే దొంగ రాతలు రాశాడు. వారంలోపు సంజాయిషీ ఇవ్వమని కాగితం ఇచ్చారు. వచ్చిన మగవాళ్లు ఎవరైనా స్వయంగా వచ్చి రాసిస్తే ఆలోచిస్తామన్నారు. ఆపరేషన్లు చేసిన పెద్దాసుపత్రిలో మగవాళ్ల సొంత పేర్లే ఉంటాయి, కానీ వాళ్లను ఎవరు పంపారో అక్కడ రాయరు. అడిగితే రోగుల వివరాలు బయటికి ఇవ్వమన్నారు. అది న్యాయమే, తప్పు పట్టను.

ఆ వారం మేమిద్దరం తిరిగాం. అందరి పేర్లూ ఆయనకు నోటికి వచ్చు. నాకు చెప్పలేదు. నన్ను సందు మొదట్లో నిలబెట్టి, ఆయన ఒక్కడే వెళ్లి మాట్లాడి వచ్చేవాడు. వచ్చేటప్పుడు నడక చూస్తేనే జవాబు తెలిసేది. ఆటో డ్రైవర్ దగ్గరికి మాత్రం నేనూ వెళ్లాను, అతను నాకు తెలుసు కాబట్టి. మెట్రో కింద ఆటో తుడుచుకుంటున్నాడు.

"నీకు దండం పెడ్త సారూ," అన్నాడు, ఈయన నోరు తెరవకముందే. "మా ఆమె బతికున్నదంటె నీ పుణ్యమే. కని మా అమ్మకు తెల్వదు. బస్తీల తెలిస్తె నన్ను ఆడోడంటరు. స్టాండుల కూసోనియ్యరు."

"నేను సుత చేయించుకున్న కదా తమ్మీ. నన్నెవలన్నా అన్నరా?"

డ్రైవర్ తల దించుకున్నాడు. "అంటరు సార్. నీ ముంగట అనరు."

ఈయన అతని భుజం మీద చేయి వేసి, "ఫికర్ చెయ్యకు. ఆమెను మంచిగ చూస్కో," అని వచ్చేశాడు. నాకు ఒళ్లు మండింది. పేర్లు రాసిచ్చెయ్, ఆఫీసువాళ్లే పిలిపిస్తారు అన్నాను. "రాయనని మాట ఇచ్చిన గదన్నా," అన్నాడు. కోపంగా కాదు. నాకు చిన్న సంగతి గుర్తుచేస్తున్నట్టు అన్నాడు.

కాంట్రాక్టు ముగించారు. కాగితంలో 'విధి నిర్వహణలో విఫలం' అని రాశారు. ఆ మాట ఉన్న మనిషిని ఇంకో ఆరోగ్య కేంద్రం తీసుకోదు. గదిలో ఇప్పుడు అట్టపెట్టెలు ఉన్నాయి.

తర్వాత మూడేళ్లు ఆయన పంజాగుట్ట ఫ్లైఓవర్ కింద పొద్దున పూట రెండు స్టూళ్లు వేసుకొని బి.పి. చూశాడు. వాకింగ్‌కు పోయేవాళ్లు, ఆఫీసు బస్సు కోసం నిలబడ్డవాళ్లు కూర్చునేవారు. ట్రాఫిక్ మోతలో గుండె చప్పుడు వినపడక స్టెతస్కోపును చెవుల్లో గట్టిగా నొక్కుకొని వినేవాడు. అప్పుడూ గాలి నింపి ఆపి, అదే ప్రశ్న అడిగేవాడు. రోడ్డు మీద ఆ ప్రశ్న ఎవరికి నచ్చుతుంది? ఒకడు స్టూలును కాలితో తన్నాడు. ఆయన పడిపోయిన డబ్బా ఎత్తుకొని, మూత పెట్టి, "రేపు గురువారం గద," అన్నాడు నాతో. రోజులన్నీ ఆయనకు గురువారాలే అయిపోయినట్టున్నాయి. మే నెలలో ఒక మధ్యాహ్నం ఎండలో ఇంటికి నడిచి వెళ్లి, పడుకొని, మళ్లీ లేవలేదు.

ఆయన జ్ఞాపకార్థ కూడిక పంజాగుట్ట వెనక సందులో చిన్న మందిరంలో జరిగింది. పాస్టరు గారు మంచిగానే మాట్లాడారు. వైద్యశాఖలో సేవ చేశారు, పేదలను ప్రేమించారు అన్నారు. ఏ సేవో చెప్పలేదు. ఆపరేషన్ అన్న మాట ఆ గోడల మధ్య ఎవరి నోటి నుంచీ రాలేదు. ఆయన భార్య ముందు వరసలో కూర్చుంది. నన్ను చూసి, "అన్నా, అట్లాంటి మాట రాసిన్రు కదా ఆయన మీద. దాన్ని జర తీసేయించరాదూ? పిల్లలు ఏదన్నా దరఖాస్తు పెడితే ఆ కాగితం బయటికొస్తది," అంది. ఆమె నన్ను అడిగింది అదొక్కటే.

వెనక, తలుపు దగ్గర, కొందరు మగవాళ్లు నిలబడి ఉన్నారు. కుర్చీలు ఖాళీగా ఉన్నా కూర్చోలేదు. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఆటో డ్రైవర్ ఉన్నాడు. అతని పక్కన నా చిన్న కొడుకు ఉన్నాడు.

వాడు పంజాగుట్టలో బట్టల షోరూంలో ఫ్లోర్ మేనేజర్. ఈ కూడిక సంగతి నేను వాడికి చెప్పలేదు. మెట్ల మీద పట్టుకున్నాను.

"నువ్వెట్ల వచ్చినవ్‌రా?"

వాడు చెప్పులు వేసుకుంటూ చాలాసేపు వంగే ఉన్నాడు. "గురువారం పోయిన నాన్నా. చిన్నది పుట్టినంక."

ఆయన ఆ సంగతి నాకు ఎన్నడూ చెప్పలేదు. మూలన స్టూలు మీద నేను కూర్చొని ఉండగానే, నా కోడలి పేరు ఆ పుస్తకంలో ఉంది. నేను చేయని పని నా కొడుకు చేశాడు. సంతోషం అనే మాట వాడటానికి నాకు భయం, కానీ ఆ మెట్ల మీద నాకు కలిగింది అదే. అరనిమిషం. ఆ తర్వాత అడిగాను.

"అయితే ఒక్క కాగితం మీద సంతకం పెట్టరా. ఆయన మీద రాసిన మాట పోతది. గది మళ్ల తెరుస్తరు."

"నా పేరు వద్దు నాన్నా."

"ఎందుకు?"

"నా కింద ఇరవై మంది పోరగాళ్లు పనిచేస్తరు. బామ్మర్దులున్నరు. నీకు తెల్వంది ఏమున్నది?"

"మీ అమ్మను చూసినవ్ కదరా నువ్వు."

"చూసిన," అన్నాడు. మొదటిసారి నా కళ్లలోకి చూశాడు. "బిందె దించుకుంట పొట్ట పట్టుకునుడు చూసే పెరిగిన. గందుకే పోయిన. నువ్వేం చెప్పకుంటనే పోయిన. సంతకం మాత్రం అడగకు."

వాడు బండి తీసి వెళ్లిపోయాడు. నేను వాణ్ణి తిట్టలేకపోయాను. ఏ మొహంతో తిట్టను? ఆ సాయంత్రం తలుపు దగ్గర నిలబడ్డ మిగతావాళ్లను కూడా అడిగాను. ఒకడు ఫోన్ వచ్చిందన్నాడు. ఒకడు ఆయన్ని తనకు తెలియనే తెలియదన్నాడు, కళ్లు తుడుచుకుంటూనే. ఆటో డ్రైవర్ నా చేయి పట్టుకొని ఊరికే నిలబడ్డాడు.

చివరికి విజ్ఞాపన నేనే రాశాను. అక్షరాలు తిన్నగా రావాలని గీతలు కొట్టుకొని, నాలుగు పేజీలు. గది తెరవమన్నాను. విఫలం అన్న మాట కొట్టేయమన్నాను. ఏడేళ్లు ఆ గదిలో నా కళ్లతో చూసిందంతా రాశాను, ఎవరి పేరూ రాయలేదు. ఆయన మాట నేనూ తప్పలేదు. నాకు ఆ గదితో ఏం సంబంధమని వాళ్లు అడుగుతారు కాబట్టి దాపరికం లేకుండా ఇదీ రాశాను: నేను ఆ ఆపరేషన్ చేయించుకోలేదు, నా భార్యతో చేయించాను, అది తప్పని నాకు తెలిసేలా చేసినవాడు ఆయన, కాబట్టి ఆయన తన పని చేశాడని చెప్పడానికి నేను తగినవాణ్ణే. కింద సంతకం చేసి రిజిస్టర్ పోస్టులో పంపాను. జవాబు లేదు. మళ్లీ పంపాను. స్వయంగా పోతే, ముసలాయన వచ్చిండని కుర్చీ వేశారు, మంచినీళ్లు ఇచ్చారు, పై సారు లేడన్నారు. సమాచార హక్కు కింద అడిగాను. ఏడో నెలలో, అంటే పోయిన మంగళవారం, జవాబు వచ్చింది. ఉన్నది ఉన్నట్టు ఇక్కడ రాస్తున్నాను.

"మీ విజ్ఞాపనను క్షుణ్ణముగా పరిశీలించడమైనది. సదరు గదిలో సేవలు పొందిన పురుషులు ఎవరైనా స్వయముగా హాజరై లిఖితపూర్వకముగా తెలియజేసినచో పునఃపరిశీలన చేయబడునని ఇదివరకే తెలుపడమైనది. నేటి వరకు ఎవరునూ హాజరు కాలేదు. మీ విజ్ఞాపనపై సంతకము చేసిన పురుషులు మీరొక్కరే. మీరు సదరు సేవ పొందలేదనియు, మీ భార్యకు శస్త్రచికిత్స చేయించితిరనియు మీరే అందులో పేర్కొనియున్నారు. కావున తదుపరి చర్య అవసరము లేదని భావించి ఫైలు ముగించడమైనది."